మా చిన్నాయన చేత తాగుడు మాన్పించిన వైనం

బెంగళూరు నుంచి వచ్చిన మేడం గోడ మీదికి బొమ్మలు వేసే మిషన్ పెట్టి, మొదటి బొమ్మలోనే "సాంస్కృతిక సున్నితత్వంతో మద్యపాన నివారణ" అని చూపించింది. గదిలో కొత్తగా పనిలో చేరినవాళ్ళం పన్నెండు మందిమి ఉన్నాం. ఆ మాటకు అర్థమేమిటని ఒక్కరమూ అడగలేదు. అడిగితే మధ్యాహ్నం భోజనం ఆలస్యమవుతుందని మా భయం. మేడం ఆ మాట పలికేటప్పుడు కళ్ళు సగం మూసుకునేది. ఎవరి సంస్కృతి, దానితో ఎంత సున్నితంగా ఉండాలి అన్నది మాత్రం చెప్పలేదు. చెప్పేంత తెలిసి ఉంటే కదా!

అవి మా బళ్ళారి జిల్లాలో మట్టికి పిచ్చి పట్టిన రోజులు. సండూరు కొండలను తవ్విపోసి, ఇనుము ఉన్న ఎర్రమట్టిని లారీలకెత్తి ఓడరేవులకు తోలుతున్నారు. అక్కడి నుంచి చైనాకు పోతోందని చెప్పుకునేవాళ్ళు. నిన్నటిదాకా ఎడ్లబండి తోలినవాడు నాలుగు లారీల ఓనరై, బండి ముందర తన పేరు, తన పిల్లల పేర్లు, కుక్క ఉంటే దాని పేరు కూడా రాయించుకున్నాడు. అలాంటి ఓనర్లందరికీ పై ఓనరు ఒకాయన ఉండేవాడు, తారానగర్ పక్క గని యజమాని. ఉన్నట్టుండి ఆయనకు దయ పుట్టింది. ఒక ట్రస్టు పెట్టాడు. వలస వచ్చిన ముసలివాళ్ళ చేత తాగుడు మాన్పించడం దాని మొదటి పని.

ముసలివాళ్ళే ఎందుకు? కుర్ర డ్రైవర్లు తాగి లారీలను లోయల్లోకి దింపుతుంటే వాళ్ళ జోలికెందుకు పోలేదు? పనిలో చేరిన వారానికే నాకు సంగతి తెలిసింది. ముసలివాళ్ళందరూ వాచ్‌మన్లు. మట్టి కుప్పలు పోసే యార్డుల గేట్ల దగ్గర కూర్చునేది వాళ్ళే. వాళ్ళు తాగి కునుకు తీస్తే మట్టిని వేరేవాళ్ళు ఎత్తుకుపోతున్నారు. కొండనే మింగినవాడికి తన మట్టిని ఇంకొకడు దొంగిలిస్తే ఒళ్ళు మండింది. ఆ మంటకు దయ అని పేరు పెట్టి, దాని కోసం మాకు జీతాలిచ్చాడు.

నేను నర్సును. సిరుగుప్పలో పాత మిషన్ సంఘం బిడ్డను. దొరలు కట్టిపోయిన రాతి గుడిలో బాప్తిస్మం తీసుకుని, మిషన్ ఆసుపత్రిలో నర్సింగ్ చదివి, మగవాళ్ళ వార్డులో తొమ్మిదేళ్ళు చేశాను. ఆ ఆసుపత్రి మూతబడ్డాక ఈ ట్రస్టులో చేరాను. తెలుగూ కన్నడమూ రెండూ వచ్చు, సూది వేయడం వచ్చు, అందుకని తీసుకున్నారు. ఈ జిల్లాలో నాకంటే తెలిసినవాళ్ళు లేరని అప్పట్లో నాకు గట్టి నమ్మకం. ఇక్కడ నేను చాలామందిని తిట్టబోతున్నాను కాబట్టి, ఈ ముక్క ముందుగా చెప్పుకోవడం న్యాయం.

మేడం మొదట పోస్టర్లు దించింది. నల్లటి పుర్రె, దాని కింద అడ్డంగా రెండు ఎముకలు, ఆ కింద పుస్తకాల తెలుగులో నాలుగు వరుసలు. వలస వచ్చింది తెలుగువాళ్ళు కాబట్టి తెలుగులో వేయించడమే ఆమె దృష్టిలో సున్నితత్వం. ఆ ముసలివాళ్ళలో ముప్పాతిక మందికి చదువే రాదన్న సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఇంకో పోస్టరులో చెడిపోయిన కాలేయం బొమ్మ ఉండేది. అనంతపురం పక్క నుంచి వచ్చిన ఒక ముసలాయన దాని ముందు చాలాసేపు నిలబడి నన్ను పిలిచాడు.

"ఇది మేక కార్జమా, మనిసి కార్జమా తల్లీ?"

"మనిషిదే తాతా."

"మేకదైతే బాగుండు. సారాయి ప్యాకెట్టుకు నంజుకొనేకి మంచిగుంటాది."

అందరూ పకపకా నవ్వారు. వాళ్ళేమంటున్నారని మేడం నన్నడిగింది. చాలా బాధపడుతున్నారని చెప్పాను. ఆమె తల ఊపి పుస్తకంలో రాసుకుంది.

తరువాత వీధి నాటకం. తాగుబోతు వేషగాడు అటూ ఇటూ తూలి, పెళ్ళాన్ని కొట్టి, చివరికి మురికికాలువలో పడి చచ్చాడు. ముసలివాళ్ళకు బాగా నచ్చింది. ఇంకోసారి ఆడమన్నారు. ఆట అయిపోయాక ఒకాయన ఆ వేషగాణ్ణి పక్కకు పిలిచి, "నిజంగా తాగినోడు అట్ల ఊగడప్పా. ఊగకుండా నడిసేకి చూస్తాడు. అది నేర్చుకో" అని సలహా ఇచ్చాడు. ఆ మొత్తం కార్యక్రమంలో తెలివైన మాట ఏదైనా వినబడిందంటే అదొక్కటే. దాన్ని మేడం రాసుకోలేదు.

ఆ వాచ్‌మన్లలో మా చిన్నాయన కూడా ఉన్నాడు. మా నాయనకు సొంత తమ్ముడు. కెంచనగుడ్డలో ముప్పై ఏళ్ళు నీరుగంటి పని చేశాడు. కాలువ నీళ్ళు ఏ మడికి ఎంతసేపు వదలాలో చూసుకునే పని అది. పిల్లల్లేరు. నన్ను భుజాన వేసుకుని మడికట్ల మీద తిప్పింది ఆయనే. ఆయన నీళ్ళు కట్టే భూముల ఆసామి తన పొలం కౌలుకిచ్చి, లారీలు కొని, మట్టి తోలడానికి సండూరు పక్కకు వస్తూ, "నమ్మకస్తుడివప్పా, రా" అని ఈయన్నూ మా చిన్నమ్మనూ కూడా లాక్కొచ్చాడు. అరవై దాటిన మనిషిని చెట్టూ చేమా లేని యార్డు గేటు ముందర ఒక రాయి మీద కూర్చోబెట్టాడు. తెల్లవారి నుంచి దుమ్ము. తలపాగా ఎరుపు, మీసం ఎరుపు, తాగే నీళ్ళు ఎరుపు. చుట్టూ పని చేసేవాళ్ళు ఎక్కడెక్కడి భాషలవాళ్ళో, పలకరిస్తే పలికేవాడు లేడు. ఆ ఆసామి ఆరునెలలకోసారి కారు అద్దం దించి, "బాగుండావా?" అని అడిగి, జవాబు రాకముందే అద్దం ఎత్తేసేవాడు.

చిన్నాయన కెంచనగుడ్డలో తాగలేదని కాదు. ఏడాదికి రెండు మూడుసార్లు, ఎవరికీ తెలియకుండా. ఇక్కడ తాగుడు నడిచి వచ్చి చేతిలో పడేది. గేటు దాటే ప్రతి డ్రైవరూ వాచ్‌మన్ చేతిలో ఒక సారాయి ప్యాకెట్ పెట్టిపోయేవాడు. ఎవరు పెట్టారో ఆ ఆచారం! అప్పటికింకా సారాయి ప్యాకెట్లు బందు కాలేదు, పాల ప్యాకెట్ల మాదిరి దొరికేవి. వద్దంటే డ్రైవర్లకు అనుమానం, వీడు ఓనరుకు చాడీలు చెప్పే రకమని. తీసుకుంటే మనవాడు. రోజంతా ఒక్కడే కూర్చునే ముసలివాడికి మనవాడు అనిపించుకోవడం ఎంత ముఖ్యమో ఎవరికైనా తెలుస్తుంది, మా ట్రస్టుకు తప్ప. ఆ గేటు ప్యాకెట్ ఆపించండి, సగం పని అయిపోతుందని నేను మేడంతో ఒకసారి అన్నాను. ఆమె పైవాళ్ళతో మాట్లాడింది. డ్రైవర్లను కదిలిస్తే లోడు ఆగుతుందన్నారట. కొండలు పోయినా ఫరవాలేదు, లోడు ఆగకూడదు. కాబట్టి పుర్రె బొమ్మలు ఇంకో రెండు వందలు అచ్చు వేయించారు.

చిన్నాయనకు ఆ వయసులో మిగిలిన కోరిక ఒక్కటే, ప్రభు బల్ల. తారానగర్‌లో వలస వచ్చిన మా సంఘస్థుల కోసం రేకుల షెడ్డులో ఆరాధన జరిగేది. నెల మొదటి ఆదివారం ఆ బల్ల, అంటే యేసు చివరి భోజనానికి గుర్తుగా ఇచ్చే సంస్కారం. రొట్టె ముక్క, వేలెడంత గ్లాసులో ద్రాక్షరసం. తాగేవాళ్ళను బల్లకు దూరం పెట్టడం మా పాత సంఘాల పద్ధతి. అందరి ముందూ లేచి ఒప్పుకుని మాట ఇచ్చేదాకా మళ్ళీ రానివ్వరు. రెండేళ్ళ కిందట సంఘ పెద్ద గుమ్మం దగ్గరే చిన్నాయన నోరు వాసన చూసి, వెనక వరుసలో కూర్చోమన్నాడు. అప్పటి నుంచి పళ్ళెం ఆయన దాకా వచ్చి, ఆయన్ను దాటి పక్కకు పోయేది. ఆయనకు లేనిది తనకెందుకని ఆడవాళ్ళ వైపు చిన్నమ్మ కూడా తీసుకోవడం మానేసింది.

"ముప్పై ఏండ్లు ఊరందరికీ నీళ్ళు పంచినా గదమ్మా. నాకు ఆ రోంత రసం రాకుండా పాయ" అన్నాడు నాతో ఒకసారి. "సచ్చేలోపల ఒక్కతూరి తీసుకోవల్ల. ఇంగేం వద్దు."

ఆ సంఘ పెద్ద గురించి కూడా చెప్పాలి. మూడు లారీలు అదే గనికి తిప్పేవాడు. ఆయన డ్రైవర్లే గేట్ల దగ్గర ప్యాకెట్లు పంచేవాళ్ళు. ఇంట్లో ఫ్రిజ్జులో ఆయనకు వేరే సీసా ఉండేదని ఆయన పనిమనిషి ఊరందరికీ చెప్పింది. ఐసు వేసుకుని గాజు గ్లాసులో తాగితే పాపం కాదు, ప్యాకెట్ మూల కొరికి తాగితేనే పాపం అని ఆయన లెక్క. తెల్లచొక్కా, జేబులో బంగారు రంగు పెన్ను. ప్రార్థన మొదలుపెడితే దేవుడికే విసుగొచ్చేదాకా ఆపడు.

ఆయన్ను చూస్తే నాకు కంపరం. అయినా ఆయన దగ్గరికే పోయాను. ఎందుకంటే నాకొక ఆలోచన వచ్చింది. మేడంకు చెప్పాను: "మీ పోస్టర్లు, నాటకాలు వీళ్ళకు పనికిరావు. వీళ్ళలో మా సంఘస్థులు ఒక్కదానికే భయపడతారు, ఒక్కదానికే ఆశపడతారు. అది ప్రభు బల్ల. ఆదివారం సంస్కారానికి తాగకుండా రమ్మందాం. అందరి ముందూ మాట ఇప్పిద్దాం. అక్కడే బల్ల ఇప్పిద్దాం."

మేడం కుర్చీలోంచి లేచి నా రెండు చేతులూ పట్టుకుంది. ఆరునెలలుగా తను వెతుకుతున్నది ఇదేనట. ఈ మట్టిలోంచే పుట్టిన పరిష్కారమట. తను వీడియో తీస్తానంది. సంఘ పెద్ద కూడా వెంటనే ఒప్పుకున్నాడు, వీడియో మాట విన్నాక. నేను ఆ రోజు ఇంటికి నేల మీద కాలు ఆనకుండా నడిచాను.

ఐదుగురు ముసలివాళ్ళు పేర్లు ఇచ్చారు. అందరికంటే ముందు చిన్నాయన.

శుక్రవారం పొద్దున్నే యార్డు దగ్గర ఆయన గదికి పోయాను. గేటు పక్కనే రేకుల గది. చిన్నాయన గోడకానుకుని కూర్చున్నాడు. చిన్నమ్మ ఆయనకు సంకటి ముద్ద, పప్పు పెట్టి, ముద్ద పూర్తిగా మింగేదాకా ఎదురుగా కూర్చుంది. తరువాత ఒక ప్యాకెట్ తీసి మూల కొరికి, స్టీలు గ్లాసులో కొంచెం వంపింది. కుండలోంచి నీళ్ళు కలిపింది. ప్యాకెట్లో మిగిలినదాన్ని దారంతో మూతి కట్టి మేకుకు తగిలించింది. చిన్నాయన తాగాడు. కాసేపటికి తన చొక్కా గుండీలు తనే పెట్టుకున్నాడు.

నాకు కోపం నెత్తికెక్కింది.

"నువ్వే పోస్తాండావా చిన్నమ్మా? నీ చేత్తోనే పోస్తాండావా?"

"అట్ల కాదమ్మా, నేను సెప్తా ఇను…"

"ఏం సెప్తావు? తొమ్మిదేండ్లు వార్డులో చేసినా. ఇట్లాంటోళ్ళను ఎంతమందిని సూసినానో నీకు తెల్దు. మొగుళ్ళను చెడగొట్టేది మీరే."

"ఒక్క మాట ఇనుకోమ్మా. ఆయప్ప పొద్దున్నే…"

"సాకు!" అన్నాను. ఇక్కడ చాలు అనడానికి మేం వాడే కన్నడ మాట అది, కసురుకోవడానికి బాగా పనికొస్తుంది. "ఇంగొక మాట మాట్లాడితే పెద్దలకు జెప్తా. బల్ల దగ్గర నీ పేరు గూడ తీసేస్తారు."

ఆమె బల్ల తీసుకోవడం ఎప్పుడో మానేసింది. ఆమె ఆ మాట అనలేదు. నేను మేకుకు తగిలించిన ప్యాకెట్, గూట్లో దాచిన ఇంకో ఆరు, అన్నీ తీసి బయట మట్టిలో పిండేశాను. ఎవరిచ్చినా తీసుకోవద్దని చిన్నాయనతో చెప్పాను. ఆయన నా మొహంలోకి చూసి, "సరేమ్మా. నువ్వు చెప్తే సరే. ఆదివారం దాకా గదా" అన్నాడు. ఆయన నన్ను నమ్మాడు. చిన్నప్పుడు ఆయన భుజం మీద నేను ఎంత నిశ్చింతగా కూర్చునేదాన్నో అంత నిశ్చింతగా నమ్మాడు.

ఆ రెండు రోజులూ గేటు దగ్గర ఒక్క ప్యాకెట్ కూడా ముట్టలేదట. డ్రైవర్లు ఎగతాళి చేశారట. శనివారం నేను పోయి చూసి రాలేదు. మేడంతో కూర్చుని, వీడియోలో ఎవరు ఎక్కడ నిలబడాలో చూసుకుంటున్నాను.

ఆదివారం షెడ్డు నిండిపోయింది. ఐదుగురినీ ముందు వరుసలో నిలబెట్టారు. అందులో నలుగురు తెల్లవారే ఒక్కొక్కటి వేసుకుని, వక్కాకు నమిలి వచ్చారు. నాకు వాసన తెలుస్తూనే ఉంది. నిటారుగా నిలబడి, చేయెత్తి, మాట తడబడకుండా ప్రమాణం చేశారు. నిజంగా మానేసి వచ్చింది మా చిన్నాయన ఒక్కడే. ఆయన్ను చిన్నమ్మ చేయి పట్టుకుని తీసుకొచ్చి నిలబెట్టింది. తెల్లచొక్కా చెమటకు వీపుకంటుకుంది. చేతులు వణుకుతున్నాయి. పెదవులు, గడ్డం వణుకుతున్నాయి. ప్రమాణం మాటలు నోట్లోంచి ముక్కలు ముక్కలుగా వస్తున్నాయి. ఎవరూ లేని మూల వైపు చూసి ఎవరినో పలకరించాడు.

"చూడండి!" అని సంఘ పెద్ద రెండు చేతులూ పైకెత్తాడు. "ఆత్మ తాకింది! మన మధ్యకు దిగి వచ్చింది! ఎట్ల వణకతాండాడో చూడండి!"

మా పాత మిషన్ గుళ్ళలో ఇలాంటివి ఉండేవి కావు. మేం కూర్చుని పాడి, లేచి ప్రార్థించి, ఇంటికి పోయి కూర వండుకునేవాళ్ళం. మట్టి డబ్బు వచ్చాక మైకుల సభలు వచ్చాయి. ప్రార్థనలో వణికితే అది ఆత్మ కార్యమని జనం నేర్చుకున్నారు. షెడ్డంతా చప్పట్లు. ఆడవాళ్ళు ఏడ్చారు. పాట అందుకున్నారు. మేడం కూడా ఏడుస్తూ కెమెరా పట్టుకుని దగ్గరికి జరిగింది. పళ్ళెం తీసుకుని నిలబడ్డ అయ్యగారు, అంటే మా పాస్టరు, అందరూ చప్పట్లు కొడుతున్నారు కాబట్టి తనూ నవ్వాడు.

నాకు తెలుసు. షెడ్డులో అందరిలోకీ నాకొక్కదానికే తెలుసు. ఏళ్ళ తరబడి తాగినవాడు ఒక్కసారిగా ఆపితే రెండో రోజో మూడో రోజో ఒళ్ళు ఎలా వణుకుతుందో, చెమటలు ఎలా పోస్తాయో, లేని మనుషులు ఎలా కనబడతారో మగవాళ్ళ వార్డులో ఎన్నిసార్లు చూశానని! ఫిట్స్ వస్తాయి, ప్రాణం పోవచ్చు, నిమిషం ఆగొద్దు, వెంటనే పిలవండి అని డాక్టరుగారు మాకు నూరిపోసిన పాఠం అది. ముసలివాళ్ళకైతే ఇంకా ప్రమాదం. శుక్రవారం నాడే ఆ పాఠం గుర్తుకు రావాల్సింది, రాలేదు. అప్పుడు వచ్చింది. వచ్చినా నేను కదల్లేదు. ఇంకొక చరణం అయిపోతే ఆయన చేతికి గ్లాసు వస్తుంది, రెండేళ్ళ కోరిక తీరుతుంది, అంతదాకా ఆగుదాం అనుకున్నాను. అది నేను నాకు చెప్పుకున్న సాకు. కెమెరా తిరుగుతోంది, అందులో నా పథకం గెలుస్తోంది. అసలు సంగతి అది. నా మీద నాకు ఉన్న అసహ్యం ముందు ఆ సంఘ పెద్ద మీద ఉన్నది ఏపాటిది!

చిన్నాయన గ్లాసు అందుకున్నాడు. రసం నోటిదాకా పోలేదు, చొక్కా మీద ఒలికింది. ఆయన దాని వైపు చూసుకున్నాడు. మరుక్షణం కళ్ళు పైకి తేలేసి, కొయ్యబారి, బల్ల ముందరి సిమెంటు మెట్టు మీద తుంటి తగిలేలా పడ్డాడు. కాళ్ళూ చేతులూ కొట్టుకోవడం మొదలైంది.

"దయ్యం వదలతాంది! గట్టిగా పట్టుకోండి, విడవద్దండి!" అని సంఘ పెద్ద అరిచాడు. మాట ఇచ్చిన నలుగురూ వచ్చి ఆయన్ను నేలకు అదిమారు. పాట ఇంకా గట్టిగా పాడారు. అప్పుడు అరిచాను నేను. ఎవరినో తోసేశాను, ఎవరి చెంపో పగిలింది, బహుశా సంఘ పెద్దదే అయివుండాలి. అయివుంటే అంతకంటే కావలసింది లేదు.

మేడం జీపులో వేసుకుని బళ్ళారికి బయలుదేరాం. రోడ్డంతా మట్టి లారీలు, ఒకదాని వెనకొకటి, కదలక మెదలక. హారన్ కొడితే పలికేవాడు లేడు. దారిలో ఆయనకు ఇంకోసారి ఫిట్స్ వచ్చాయి. చివరికి ఒక డ్రైవరు కిందికి దిగి జీపులోకి తొంగిచూసి, "అరే, మన గేటు తాత" అన్నాడు. అంతే. వాడు పరుగెత్తి ముందువాడికి చెప్పాడు, వాడు ఆ ముందువాడికి. లుంగీలు పైకి కట్టి, లారీలను చేను పక్కకు దింపి, అంత పొడుగునా దారి ఇచ్చారు. ఆ రోజు ఆయన కోసం ఎవరైనా ఏదైనా చేశారంటే ఆ ప్యాకెట్ల డ్రైవర్లే. మా సంఘం ఇంకా షెడ్డులో పాడుతూనే ఉందట.

ఆసుపత్రిలో కుర్ర డాక్టరు చిన్నాయనకు సూది వేసి, మమ్మల్ని చూసి మండిపడ్డాడు. "ఎవరు ఆపమన్నారు? ఇన్నేళ్ళ తాగుడును ఒక్కసారిగా ఎట్లా ఆపుతారు? మాత్రలు వేస్తూ మెల్లగా తగ్గించాలని తెలియదా? ఎవరు చేశారీ పని?"

నేను నర్సునని ఆయనకు తెలియదు. నా పక్కన చిన్నమ్మ నిలబడి ఉంది, ముదురు పచ్చ చీర, కాళ్ళకు చెప్పుల్లేవు.

"ఇంట్లోవాళ్ళు సార్. తెలియక" అన్నాను.

డాక్టరు చిన్నమ్మ వైపు తిరిగి ఐదు నిమిషాలు తిట్టాడు. ఆమె తలవంచుకుని అన్నీ వింది. నా వైపు చూడను కూడా లేదు.

ప్రాణం దక్కింది. తుంటి విరిగింది. ఆ వయసులో అది అతకదని, కర్ర లేకుండా ఇక నడవలేడని చెప్పారు. నాలుగో రోజుకే యార్డు గేటు ముందర రాయి మీద వేరే ముసలాయన కూర్చున్నాడు. గది ఖాళీ చేసి సామాను గోతాంలో కట్టి పంపించారు. నమ్మకస్తుడివప్పా అని లాక్కొచ్చిన ఆసామి ఆసుపత్రికి పళ్ళు పంపాడు, తను రాలేదు. విశ్వాసం చాలక పడ్డాడని సంఘ పెద్ద మైకులో చెప్పాడట. మేడం వీడియో బెంగళూరులో పెద్దవాళ్ళకు చూపించింది. చిన్నాయన చేయి గ్లాసు అందుకునే చోట ఆపేసిందట. ఆమెను మెచ్చుకుని ఇంకో జిల్లాకు పంపారు. అక్కడ ఎవరి సంస్కృతి మీద సున్నితంగా పడిందో నాకు తెలియదు.

వారం తరువాత అయ్యగారు నల్ల సంచీతో వార్డుకు వచ్చాడు. చిన్నాయన మంచం పక్కన చిన్న గుడ్డ పరిచి, రొట్టె, గ్లాసు పెట్టాడు. "నువ్వు మాట నిలబెట్టుకుంటివి. ఇది నీకు రావాల్సిందే. తీసుకోప్పా" అన్నాడు.

చిన్నాయన చేతులు దుప్పటి కిందే ఉంచుకున్నాడు.

"వద్దయ్యా."

"ఎందుకు? నువ్వు అడగతాండేది ఇదే గదా?"

"చేతులు నిలవవయ్యా. ఒలికిస్తా. మల్ల అందురూ చూస్తారు."

"నేను పట్టిస్తాలే" అని అయ్యగారు గ్లాసు ఆయన పెదవుల దగ్గర పెట్టాడు. చిన్నాయన నోరు గట్టిగా మూసుకుని గోడ వైపు తిరిగాడు. అయ్యగారికి మధ్యాహ్నం ఎక్కడో గృహప్రవేశం ప్రార్థన ఉంది. గుడ్డ మడిచి, గ్లాసు సంచీలో పెట్టుకుని, మళ్ళీ వస్తానని పోయాడు. చిన్నాయన ఆ తరువాత బతికినన్నాళ్ళూ ఎవరు తెచ్చినా తీసుకోలేదు.

నేను బయటికి వచ్చాను. వరండా చివర కొళాయి దగ్గర చిన్నమ్మ పళ్ళెం కడుగుతోంది. అన్ని రోజుల్లో నాతో ఒక్క మాట మాట్లాడలేదు. నేను పక్కన పోయి నిలబడితే కొళాయి కట్టేసింది.

"రోజూ నాలుగు తాగతా ఉండె" అంది, నా వైపు చూడకుండా. "పోయిన క్రిస్మస్ కాడ్నించి తగ్గిస్తా వస్తి. ఫస్టు కడుపు నింపేది, మల్ల పోసేది. వారం వారం రోంత నీళ్ళు జాస్తి కలిపేది, ఆయప్పకు తెలీకుండా. ఒక్కసారిగా నిలిపేస్తే ఏమయితాదో నాకు తెలుసు, మా నాయన అట్లనే పాయ. ఒకటిన్నరకు తెచ్చింటి. ఈ క్రిస్మస్‌కు ఉత్త నీళ్ళు పోసి, తనే నడిసి బల్ల కాడికి పోతాడని అనుకుంటి."

లోపల డాక్టరు ఆయనకు మాత్రలతో చేస్తున్నది అచ్చంగా ఆ పనే. ఆమె సంకటితో, కుండ నీళ్ళతో చేసింది.

చిన్నమ్మ పళ్ళెం కొంగుతో తుడుచుకుంది.

"డాక్టరు కాడ నా మీద ఏస్తివి. అది పోనీలేమ్మా" అంది. "ఆ పొద్దు నన్ను ఒక్క మాట సెప్పనిచ్చింటే సాలు."

పళ్ళెం తీసుకుని ఆయన దగ్గరికి పోయింది.